వాళ్ల తీగ

నేను ఆ పోస్టుకు చేరింది చలికాలం మొదట్లో. చివరి మలుపు దగ్గర ట్రక్కు దించేసింది. అక్కడి నుంచి నడకే. వీపున సంచి, భుజాన రైఫిల్, ముఖానికి ఉన్ని ముసుగు. వేంపల్లె ఎండలో పెరిగిన ఒళ్లు నాది. ఊపిరి అందక దారిలో రెండుసార్లు కూర్చుండిపోయాను. పైన ఇసుక బస్తాలు పేర్చిన మా బంకరు. ఎదుటి కొండ మీద శత్రువుల బంకరు. మధ్యలో లోయ, దాని నిండా మంచు.

అక్కడ తెలుగువాళ్లం ముగ్గురమే. నేను, ఓర్వకల్లు నుంచి వచ్చిన రేడియో ఆపరేటర్, కమలాపురం వంటమనిషి.

ఒక ఉదయం కింది పోస్టుకు పోయే టెలిఫోన్ మూగబోయింది. తెగిన తీగ వెతకడానికి హవల్దార్, ఆపరేటర్, నేను బయలుదేరాం. లోయలోకి దిగామో లేదో పొగమంచు కమ్మేసింది. చాచిన చెయ్యి కనిపించలేదు. హవల్దార్ బూటుకు నల్లటి తీగ ఒకటి తగిలింది. మాదే అనుకున్నాం. దాన్ని పట్టుకుని ఎక్కుతూ పోయాం.

పైనుంచి రొట్టెలు కాలుతున్న వాసన వచ్చింది. తర్వాత మాటలు. హవల్దార్ పిడికిలి ఎత్తాడు, ఆగిపోయాం. ఆ గొంతులు మావాళ్లవి కావు. తీగ వాళ్లది. మేం వాళ్ల బంకరు కిందే ఉన్నాం.

సినిమాల్లో ఇలాంటప్పుడు తుపాకులు పేలతాయి. మేం బండ వెనక బోర్లా పడుకున్నాం. ఆపరేటర్ తీగ కోయడానికి కటింగ్ ప్లేయర్ తీశాడు. హవల్దార్ వద్దని తల ఊపాడు. తెగితే వెతుక్కుంటూ ఎవడో ఒకడు కిందికి వస్తాడు. అంతలో పైనుంచి ఎవరో గిన్నె కడిగిన నీళ్లు పారబోశారు. నా మోచేతి పక్కనే పడి ఆవిరి లేచింది.

రేడియోలో హిందీ మాట్లాడితే వాళ్లకూ అర్థమవుతుంది. "మీ భాషలో మాట్లాడండి," అన్నాడు హవల్దార్ నా చెవిలో.

ఆపరేటర్ గుసగుసగా తెలుగులో పిలిచాడు. అది విని అవతల మా ఆఫీసర్ వంటమనిషిని పొయ్యి దగ్గర నుంచి లేపుకొచ్చి కూర్చోబెట్టాడు.

"ఏమప్పా, యాడుండారు?"

"వాళ్ల పొయ్యి కాడ. రొట్టె వాసనొస్తాండాది."

వంటమనిషి కూడా గొంతు తగ్గించాడు.

"మీరు పోయిన అడుగులు కనపడతాండాయా?"

"ఆ, ఉండాయి."

"వాటెంబడే ఎనక్కి రాండి. పొగమంచు ఇడిసేలోపల రావల్ల. మనోళ్లు కాల్చకుండా సార్ చెప్తాండాడు."

మా అడుగుల్లోనే అడుగులేస్తూ దిగాం. మా వాలు ఎక్కుతుంటే భయం ఇంకా పెరిగింది. శత్రువుల వైపు నుంచి వస్తున్నది మేమే కదా. ఎవరూ కాల్చలేదు. బంకరు గుమ్మంలో వంటమనిషి ఆపరేటర్‌నీ నన్నూ కావలించుకుని, "సచ్చినారనుకుంటి గదప్పా," అని భోరుమన్నాడు.

ఉద్యోగం అయిపోయి ఇంటికొచ్చేశాను. చీనీ తోట, అదే బత్తాయి తోట, చూసుకుంటున్నాను. మా చిన్నాయన ఇప్పటికీ అడుగుతాడు, "శానా భయపడింటావే?" అని. అవునంటాను. కానీ నాకు కళ్ల ముందు మెదిలేది ఆ బండ కాదు, ఆ మధ్యాహ్నం.

పొగమంచు విడిపోయింది. బైనాక్యులర్ పెట్టి చూశాను. మా అడుగుజాడలు తెల్లటి లోయ దాటి వాళ్ల బంకరు కింది దాకా వెళ్లి ఆగాయి. అక్కడ వాళ్ల సైనికుడొకడు ఒంటరిగా నిలబడి ఉన్నాడు. చాలాసేపు ఆ జాడలనే చూశాడు. తర్వాత ఒకదానిలో తన బూటు పెట్టి, తలెత్తి మా వైపు చూశాడు.