ఇరవై ఆరు రోజుల ఫార్మలిన్

నా సర్వీసులో ఆఖరి మూడేళ్లు విశాఖపట్నంలో గడిచాయి. పశువైద్య కళాశాలలో పాఠాలు చెప్పుకుంటున్న నన్ను, ఒక జూన్ ఒకటో తారీఖున, డిప్యుటేషన్ మీద అక్కడి వ్యాధి నిర్ధారణ ల్యాబ్‌కి పాథాలజీ విభాగాధిపతిగా పంపారు. ఆ ల్యాబ్ పేరు రాయను. జరిగిన తప్పు నాది, ల్యాబ్‌ది కాదు.

పాథాలజిస్ట్ దగ్గరికి జంతువు రాదు, దాని ముక్క వస్తుంది. సర్జన్ కోసిన గడ్డని, కుళ్లిపోకుండా, ఫార్మలిన్ అనే మందు పోసిన సీసాలో వేసి పంపిస్తాడు. మేము దాన్ని చిన్న ముక్కలుగా కోసి, మైనంలో పోతపోసి, మైక్రోటోమ్ అనే యంత్రం మీద ఉల్లిపొర కన్నా పల్చగా తరిగి, గాజు పలక మీద పరిచి రంగులు వేస్తాం. అది చూసి నేను రాసే నాలుగు వాక్యాల మీద ఆ జంతువు బతుకు ఆధారపడుతుంది. ఈ సంగతి నాకు అప్పటికి ముప్పై ఏళ్లుగా తెలుసు. తెలుసనే అనుకున్నాను.

ఆడ కుక్కలకి, పిల్లులకి పాలగ్రంథుల్లో గడ్డలు రావడం మామూలే. కుక్కల్లో చాలా గడ్డలు ప్రమాదం లేనివి. పిల్లుల్లో చాలావరకు క్యాన్సర్లే. మామూలు రంగుల్లో గడ్డ జాతి తెలుస్తుంది గాని, అది ఎంత దూకుడుగా పెరుగుతుందో ఒక్కోసారి తేలదు. అప్పుడు మార్కర్లు చూస్తాం. కణంలో ఫలానా ప్రోటీన్ ఉంటే దానికి అతుక్కునే ఆంటీబాడీ వేస్తే, ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది, లేనిచోట నీలంగా ఉండిపోతుంది. వాటిలో కేఐ-67 అనేది విభజన చెందుతున్న కణాల్లో మాత్రమే కనబడే మార్కర్. గోధుమరంగు చుక్కలు ఎక్కువుంటే గడ్డ పరుగు మీద ఉన్నట్టు, తక్కువుంటే నడక మీద ఉన్నట్టు. ఫార్మలిన్ ప్రోటీన్లని బిగించేస్తుంది కాబట్టి, ఆంటీబాడీ వేసేముందు స్లైడ్లని ప్రత్యేక ద్రావణంలో ఉడికించి ఆ బిగువు వదిలించాలి. మేం ఉడికించేది మామూలు వంటింటి ప్రెషర్ కుక్కర్లోనే. విజిల్ వచ్చినప్పుడల్లా మెట్ల మీద వెళ్లేవాళ్లు "ఈవేళ పప్పా, సాంబారా?" అని అడిగేవారు.

ఆంటీబాడీ వచ్చేది చిటికెనవేలంత సీసాలో, ఖరీదు మాత్రం వేలల్లో. అందుకని నేను చేరగానే ఒక పద్ధతి పెట్టాను. మార్కర్ అడిగిన నమూనాలన్నీ ఫార్మలిన్ సీసాల్లోనే ఉంచి, ఎనిమిది పోగయ్యాక ఒకేసారి కోసి, ఒకే బ్యాచ్‌గా పరీక్ష చెయ్యాలి. మా సీనియర్ టెక్నీషియన్ అప్పారావు పద్మనాభం అనే ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు, మాట తక్కువ మనిషి. ఆలస్యమవుతుందేమో మేడం అని ఒక్కసారి అన్నాడు. ఫార్మలిన్‌లో పడ్డ ముక్కకి తొందరేమిటయ్యా, అది ఎక్కడికీ పోదు అన్నాను. రెండో పద్ధతి కూడా నాదే. కుక్క చర్మం మీది వెంట్రుకలు తగిలితే మైక్రోటోమ్ బ్లేడు మొద్దుబారుతుంది. కాబట్టి ముక్క కోసేటప్పుడే చర్మం తీసేసి గడ్డ మాత్రమే పెట్టమన్నాను. రెండు ఆర్డర్లూ రాతపూర్వకంగా ఇచ్చి, గోడకి అంటించి, ల్యాబ్ ఇప్పుడు దారిలో పడిందని తృప్తి పడ్డాను.

ఆగస్టులో నూకరత్నం వచ్చింది. ఒడ్డున చేపలమ్మే మనిషి, భర్త వేటకి వెళ్తాడు. వాళ్ల కుక్క పేరు రాణి. ఇసుకలో ఆరేసిన వలల దగ్గర కాపలా దానిదే. దాని పాలగ్రంథిలో నిమ్మకాయంత గడ్డ లేస్తే సీతమ్మధారలో క్లినిక్ నడిపే కిరణ్ కోసి తీశాడు. కిరణ్ నా పాత విద్యార్థి. గడ్డని రెండు సగాలు చేసి, రెండు ఫార్మలిన్ సీసాల్లో వేసి ఆమె చేతికే ఇచ్చాడు. ఒకటి మా ల్యాబ్‌కి. రెండోది, అవసరమైతే మరోచోటికి పంపడానికి ఇంట్లో ఉంచమన్నాడు. మా ఊళ్లో నమూనాలు చాలావరకు ఇలా యజమానుల సంచుల్లోనే ప్రయాణం చేస్తాయి.

తేలవలసిన విషయం ఒక్కటే. గడ్డ దూకుడుదైతే ఆ వైపు పాలగ్రంథుల వరస మొత్తం తీసేయాలి. అది పెద్ద ఆపరేషన్, రాణి వయసు తొమ్మిదేళ్లు. దూకుడుది కాకపోతే దాన్ని ఆ బాధ పెట్టనక్కర్లేదు.

ఆ సీసా మా అలమరలో ఇరవై ఆరు రోజులు ఉంది. ఎనిమిదో నమూనా వచ్చాక బ్యాచ్ నడిపాం. మామూలు రంగుల్లో రాణి గడ్డ క్యాన్సరే, కాని మధ్యరకం. అటో ఇటో చెప్పాల్సింది కేఐ-67. స్లైడ్ దాదాపు అంతా నీలంగా ఉంది, వెతికితే ఒకటీ అరా గోధుమ చుక్కలు. ప్రతి బ్యాచ్‌లోనూ కంట్రోల్ అని ఒక స్లైడ్ పెడతాం. తప్పకుండా రంగు రావలసిన కణజాలం అది. అది పలికితే పరీక్ష పనిచేసినట్టు లెక్క. మా కంట్రోల్ ఒక కుక్క లింఫ్ గ్రంథి, చక్కగా పలికింది. విభజన వేగం తక్కువ, గమనిస్తూ ఉంటే చాలు అని రాసి సంతకం పెట్టాను. కిరణ్ రెండో ఆపరేషన్ మానేశాడు.

రిపోర్ట్ తీసుకోవడానికి వచ్చిన రోజు నూకరత్నం, ఇంట్లో ఉన్న రెండో ముక్క ఏం చెయ్యాలని అడిగింది. సీసాలో భద్రంగా ఉందా అన్నాను.

"సీసాలో నేదమ్మా. ఆ నీళ్లు ఆ రోజే పారబోసినాను. మూత తీత్తే ఒకటే వాసన, సేపలికి కలిపే మందు కాదేటది? ముప్పై ఏళ్లనించి సేపలమ్ముతన్నాను, నా సేత్తో ఆ మందు ముట్టనేదు. ముక్క కడిగి, కవర్లో సుట్టి మా ఫ్రీజర్లో ఎట్టినాను."

చేపలు చెడకుండా దొంగతనంగా ఫార్మలిన్ కలుపుతారన్న మాట బజార్లో పుట్టిన దగ్గర్నుంచి నిజాయితీగా అమ్ముకునేవాళ్లకి ఆ వాసనంటేనే మంట. అది నాకు తెలియంది కాదు. అయినా బయాప్సీ ముక్కని చేపలా కడిగి ఫ్రీజర్లో పెట్టిన మనిషిని సర్వీసులో అదే మొదటిసారి చూడటం. నాలుగు చీవాట్లు పెట్టాను. ఆ ముక్కకి ఇంక పనికొచ్చే గుణం ఏమీ లేదన్నాను. ఆమె చిన్నబుచ్చుకుని, మర్నాడు దాన్ని ఐసులో పెట్టి తెచ్చి అప్పారావు చేతికిచ్చి వెళ్లిపోయింది. పారెయ్యబోతుంటే నేనే ఆపాను. నెల పోయాక యువ డాక్టర్లకి ట్రైనింగ్ క్లాసు ఉంది. నమూనా ఎలా తేకూడదో చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదని మా ఫ్రీజర్లో పెట్టించాను.

క్లాసు దగ్గర పడ్డాక ఆ ముక్కని ఒక్క రోజు ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో పోతపోసి బ్లాక్ చేసి, కేఐ-67 వేయించాను. ఎలాగూ చెడిపోయిన ముక్కే కదా అని అప్పారావు చర్మం కూడా తియ్యలేదు. స్లైడ్ మైక్రోస్కోప్ కింద పెట్టి, పక్కనున్న టీ కప్పు అవతలికి నెట్టి మళ్లీ చూశాను.

ముక్క ఆకారం నేననుకున్నట్టే పాడైంది. మంచు గడ్డకట్టి కణాల మధ్య కన్నాలు పడ్డాయి. కాని ఆ కన్నాల చుట్టూ, ఎక్కడ చూసినా, గోధుమరంగు. పొలం నిండా మిడతలు వాలినట్టు. నేను నడక మీద ఉందని రాసిన గడ్డ పరుగు మీద ఉంది.

నేను మొదట చేసిన పని సిగ్గుపడాల్సింది: స్లైడ్లు మార్చేశావని అప్పారావు మీద అరిచాను. పట్టిన కుందేలుకి మూడే కాళ్లని వాదించే రకాన్ని నేను. అతను రిజిస్టర్ తెచ్చి నా ముందు పెట్టాడు. నంబర్లు సరిగ్గా ఉన్నాయి.

"మారనేదు మేడం. ఆ బ్యాచ్ ముక్కల్లోంచి తీసిన సర్మాలు ఇంకా సీసాల్లోనే ఉన్నాయి. ఓసారి రంగేసి సూద్దాం," అన్నాడు.

కోయగా మిగిలిన ముక్కల్ని ఫార్మలిన్‌లోంచి తీసి, ఆల్కహాల్ పోసిన సీసాల్లో కొన్ని నెలలు దాచడం ల్యాబ్ నియమం. రాణి చర్మం పీలిక తీసి పరీక్ష చేశాం. వెంట్రుక కుదుళ్లలో కణాలు ఎప్పుడూ విభజన చెందుతూనే ఉంటాయి, ఆరోగ్యంగా ఉన్న కుక్కలో కూడా. అక్కడ గోధుమరంగు రాకపోతే పరీక్షే చచ్చిపోయినట్టు. ఆ కుదుళ్లు నీలంగా ఉన్నాయి. ఫ్రీజర్ ముక్క మీది కుదుళ్లు మాత్రం గోధుమరంగులో స్పష్టంగా కనబడ్డాయి. ఒకే కుక్క, ఒకే గడ్డ.

ఇరవై ఆరు రోజుల్లో ఫార్మలిన్ ఆ ప్రోటీన్‌ని ఎంతగా బిగించేసిందంటే, మేం ఉడికించే ఉడుకు దానికి చాలలేదు. కంట్రోల్ ఎందుకు పలికింది? ఆ లింఫ్ గ్రంథి ఒక్క రోజే ఫార్మలిన్‌లో ఉంది కాబట్టి. నమూనా పడ్డ కష్టం కంట్రోల్ పడలేదు. ఈ మోసాన్ని పట్టించగలిగిన సాక్షి చర్మం ఒక్కటే, దాన్ని బ్లేడు కోసం నేనే కోయించి పక్కన పెట్టించాను. అన్నిటికన్నా నన్ను నిలువునా కోసింది ఇంకొకటుంది. తొలిరోజుల్లో కేఐ-67ని ఫార్మలిన్ తగలనివ్వకుండా చలికి గడ్డకట్టించిన కణజాలం మీదే చూసేవారని ఏటా క్లాసులో చెప్పినదాన్ని నేనే. పాఠం నోట్లో ఉంది గాని బుర్రలో లేదు.

కిరణ్‌కి ఫోన్ చేశాను. మేడం, మీరు రాశారు కదా అని నేనింక ఆలోచించలేదండీ అన్నాడు. ఆ మర్నాడే రాణికి ఛాతీ ఎక్స్‌రే తీయించాడు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఆ వారంలోనే ఒకవైపు వరస మొత్తం తీసేశాడు. అందులో బఠాణీ గింజంత రెండో గడ్డ దొరికింది, అదే జాతిది. ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే అని ఆలోచించడానికి కూడా భయం వేసింది.

నూకరత్నాన్ని ల్యాబ్‌కి పిలిపించి, తప్పు నాదని, ఆమె ఆ ఫార్మలిన్ పారబోయడమే రాణిని కాపాడిందని చెప్పాను. చేపల మార్కెట్లో పెరిగిన నోరు, దులిపేస్తుందనుకుని సిద్ధపడే కూర్చున్నాను. ఆమె మాత్రం కొంగుతో మొహం తుడుచుకుని, ఆ అలమర వైపు చూసి అడిగింది.

"మరి మా రాణితో పాటు ఎట్టిన సీసాలేటి సేసినారమ్మా? తట్టలో ఒక సేప సెడితే తట్టంతా తిరగెయ్యమా?"

నాలుగు రోజులుగా రాణి గురించి తప్ప ఇంకో ఆలోచన లేదు నాకు. ఆ బ్యాచ్‌లో ఎనిమిది ఉన్నాయి. ఎనిమిదింటి మీదా నా సంతకం ఉంది. చేపల తట్ట మోసే మనిషికి తట్టిన మాట నాకు తట్టలేదు.

ఆ సాయంత్రమే రిజిస్టర్ తీశాం. చివర వచ్చిన నాలుగు నమూనాలు రెండు మూడు రోజులే ఫార్మలిన్‌లో ఉన్నాయి, వాటి చర్మాలు చక్కగా పలికాయి. ముందు వచ్చినవి నాలుగు. వాటి గడ్డల్ని, చర్మాల్ని కలిపి, వెంట్రుక కుదుళ్లకి రంగు వచ్చేదాకా, కుక్కర్లో ఎక్కువసేపు ఉడికిస్తూ మళ్లీ మళ్లీ చేశాం. రెండింటి ఫలితం మారలేదు. రెండింటిది తిరగబడింది. ఒకటి రాణి. ఇంకొకటి పాత పట్నంలో తాళాలు బాగుచేసే కరీం గారి పిల్లి.

పై అధికారికి నా తప్పు రాసి పంపి, కరీం గారికి నేనే ఫోన్ చేశాను. పేరు చెప్పి, పిల్లి రిపోర్ట్ విషయమై మాట్లాడాలన్నాను.

"పోయింది మేడం. పదిరోజులైంది. ఊపిరాడక శానా అవస్థపడింది," అన్నారు. రిపోర్ట్ తప్పని, ఆ తప్పు నాదని చెప్పాను. ఆయన నెమ్మదిగానే అన్నారు.

"డాక్టర్ సాబ్ మళ్లీ ఆపరేషన్ సేసేద్దామనే అన్నారమ్మా. మీ కాగితం సూపించి నేనే వద్దన్నాను."

క్షమించమని అడిగాను. పర్లేదు మేడం అని ఫోన్ పెట్టేశారు. పర్లేదనేమీ కాదని ఇద్దరికీ తెలుసు.

గోడ మీది ఆర్డర్లు రెండూ చింపేశాను. నమూనా వచ్చిన మర్నాడే కోసి బ్లాక్ చెయ్యాలి, చర్మం పీలిక తప్పకుండా ఉంచాలి, ఫార్మలిన్‌లో ఎన్ని గంటలుందో రిపోర్ట్ మీదే రాయాలి అని కొత్తవి పెట్టాను. బ్లేడ్లు మొద్దుబారితే మార్చుకున్నాం. ట్రైనింగ్ క్లాసులో ఆ రెండు స్లైడ్లూ పక్కపక్కన పెట్టి చూపించాను. నమూనా ఎలా తేకూడదన్న పాఠం ఆ రోజు చెప్పలేదు. రంగు రాకపోవడానికి రెండు కారణాలుంటాయని చెప్పాను: వెతికేది అక్కడ లేకపోవడం ఒకటి, ఉన్నా మన పరీక్షకి కనబడకపోవడం రెండోది. రెండోది కాదని రుజువయ్యేదాకా మొదటిది రాయకూడదు. రాసినది తప్పని ఒకచోట తేలితే, అదే చేత్తో రాసినవన్నీ ఆ రోజే తిరగెయ్యాలి. నేను నాలుగు రోజులు ఆలస్యంగా తిరగేశాను. కరీం గారి పిల్లి అప్పటికే పోయింది కాబట్టి ఆ నాలుగు రోజుల వల్ల దానికి జరిగిన నష్టం లేదు. అది నా జాగ్రత్త వల్ల కాదు.