మూడు నెలలు ఉండిపోయే మనిషి

మా జ్ఞానతల్లి పోయిన కబురు నాకు జిరాక్స్ మెషిన్ దగ్గర తెలిసింది. ఎవరిదో ఆధార్ కార్డు అద్దం మీద పెట్టి మూత వేస్తుంటే అమ్మ ఫోన్ చేసింది. "ఒరే, పెద్దమ్మ లేదురా. పొద్దున్నే పూలు కోసుకొచ్చి గుమ్మంలో కూకుందంట. అలాగే ఒరిగిపోయిందంట" అంది. ఆ కార్డు మనిషి ఒక్క కాపీ అడిగితే నాలుగు ఇచ్చి పంపాను.

డెబ్బై దాటాక, మంచాన పడకుండా, ఎవరి చేతా చేయించుకోకుండా పోయింది. ఆవిడ కోరుకున్నదీ అదే. అందుకని నేను కన్నీళ్ళతో రాయడం లేదు. ఆవిడని తలుచుకుంటే నాకు ముందు నవ్వొస్తుంది, తర్వాత సిగ్గేస్తుంది. దుఃఖం ఆ తర్వాతే.

మా కథోలికుల్లో బిడ్డకి జ్ఞానస్నానం ఇచ్చేటప్పుడు గుడిలో ఎత్తుకుని నిలబడే ఆవిడని జ్ఞానతల్లి అంటారు. బిడ్డ విశ్వాసానికి ఆవిడ పూచీ. చోడవరంలో మా కుటుంబాలు కొద్దే కాబట్టి అమ్మ ఎదురింటావిడనే అడిగింది. ఆ రోజు నేను గుక్కపట్టి ఏడ్చి ఫాదర్ గారి కళ్ళజోడు లాగేశానట. "ఈడికి పుట్టుకతోనే ఆవేశం" అని ఆవిడ పెళ్ళిళ్ళలో కూడా చెప్పి నవ్వించేది.

ఆవిడ చేసే పనికి పేరు లేదు. మంత్రసాని కాదు, నర్సు కాదు. ఎక్కడైనా దిక్కులేని గర్భిణి ఉందని తెలిస్తే వెళ్ళి ఆ ఇంట్లో ఉండిపోయేది. వంట చేసేది, బట్టలు ఉతికేది, ఆస్పత్రికి తోడు వెళ్ళేది, పురుడయ్యాక బిడ్డకి నీళ్ళు పోసేది. మనిషి నిలదొక్కుకున్నాక తిరిగొచ్చేది. రావికమతం, కె.కోటపాడు, మధ్యలో ఊళ్ళు. అన్నీ చెరకు కొట్టుకునే, వరి కోసుకునే ఇళ్ళే. మా మతం వాళ్ళు వాళ్ళలో ఎవరూ లేరు. సంచిలో రెండు చీరలు, ఆముదం సీసా, వాము, వెల్లుల్లి, మెత్తబడ్డ పాతబట్టలు. "దేవమాత మరియమ్మ బొమ్మ తీసుకెళ్ళవా పెద్దమ్మా?" అని ఒకసారి అడిగాను. "ఆవిడ ముందే ఎల్లిపోయిందిరా. నేను ఎనకాల ఎల్తన్నాను" అంది.

ఇదంతా సువార్తలోని ఒక్క ఘట్టం నుంచి వచ్చింది. దేవదూత కబురు చెప్పగానే, తాను గర్భవతి అయి ఉండి కూడా, మరియమ్మ కొండ ప్రాంతంలో ఉన్న ఎలిజబెతమ్మ ఇంటికి బయల్దేరింది. ముసలితనంలో కడుపుతో ఉన్న చుట్టం ఆమె. అక్కడ సుమారు మూడు నెలలు ఉంది. మా జ్ఞానతల్లికి చదువు రాదు. ఆ పేజీ ఆవిడకి నేనే ఎన్నిసార్లు చదివానో.

"సుట్టపు సూపుకెళ్తే మూడు నెల్లు ఉంటారేటిరా ఎవరైనా? పనికెళ్ళింది. కడుపులో దేవుణ్ణి పెట్టుకుని అంట్లు తోమింది."

చిక్కు ఎక్కడంటే, ఆ సువార్తలో మరియమ్మ తన ఇంటికి తిరిగి వెళ్ళిందని రాశాకే ఎలిజబెతమ్మ ప్రసవించిందని ఉంటుంది. అప్పుడు నాది ఏది చదివినా వాదించాలనిపించే వయసు. "పెద్దమ్మా, పుస్తకం ప్రకారం పురుడుకి ముందే వెళ్ళిపోయింది" అన్నాను.

"నెలలు నిండినదాన్ని వదిలేసి ఎల్లిపోద్దా? బుద్ధుందేటి నీకు?"

"రాసింది అలాగే ఉంది."

"రాసినోడు మగోడు కదరా గుంటడా. పురుటింట్లోకి ఆడ్ని ఎవరు రానిస్తారు? ఈధిలో కూకుని రాసుంటాడు. ఆవిడ లోపల నీళ్ళు కాస్తంటే, ఎల్లిపోయిందనుకున్నాడు."

నేను చదివిన కరపత్రాలు వేటిలోనూ ఈ వ్యాఖ్యానం లేదు. ఇంతకన్నా నమ్మదగిందీ లేదు.

కరపత్రాల సంగతి చెప్పాలి. నేను ఫాదర్లు తయారయ్యే సెమినరీలో చదవలేదు. గుడి వెనక బీరువాలో దొరికిన చిన్న పుస్తకాలు, పండగల్లో పంచే కాగితాలు, ఇవే నా చదువు. మరియమ్మని దేవమాత అని ఎందుకు అనాలో, పూర్వం సభల్లో దాని మీద ఎంత వాదన జరిగిందో నాకు కంఠతా వచ్చు. రెండేళ్ళ కిందట మా వీధి చివర ప్రార్థన మందిరం పెట్టుకున్న పాస్టరు గారు ఒక కాగితం పంచారు. మరియ మంచి స్త్రీయే గాని ఆమెకి ప్రార్థన చేయడం తప్పు అని. నాకు ఒళ్ళు మండింది. నా జిరాక్స్ షాపు కంప్యూటర్ మీద జవాబు టైపు చేసి వీధంతా, మందిరం గోడల మీద సహా అంటించాను. వాదన అంతా బాగానే రాశాను, ఇప్పటికీ దానికి కట్టుబడి ఉన్నాను. చివర మాత్రం, "తల్లిని గుమ్మం బయట నిలబెట్టి కొడుకుని లోపలికి పిలిచే ఇలాంటి మనిషికి కన్నతల్లి విలువ తెలుస్తుందా?" అని పాస్టరు గారి మీద పెట్టాను. చాలా గొప్పగా వచ్చిందనుకున్నాను.

నాకు తెలియనిది ఏమిటంటే, మా జ్ఞానతల్లి అప్పటికి పది రోజులుగా వాళ్ళింటికే వెళ్తోంది. పాస్టరమ్మకి తొలి కాన్పు, ఎనిమిదో నెల. ఆమెకి తల్లి లేదు. డాక్టరు కదలొద్దని పడుకోబెట్టింది. పాస్టరు గారికి అన్నం వార్చడం కూడా రాదు. కాగితం అంటించిన మర్నాడు ఆయన, ఇక రానక్కర్లేదని ఆవిడని వాకిట్లోనే వెనక్కి పంపేశారు.

ఆవిడ వచ్చి అరుగు మీద కూర్చుంది. "నువ్వు రాసినట్టే అయ్యిందిరా. గుమ్మం బయటే నిలబెట్టేరు."

"చూశావా, నేను రాసింది సత్యం!"

"సత్యమే. ఆ పిల్ల కాళ్ళు బూరెల్లాగ పొంగిపోయున్నాయి. నీ సత్యం ఎల్లి ఇన్ని నీళ్ళు కాసి పోస్తాదేటి?"

క్షమాపణ చెప్పమంటే చెప్పనన్నాను. ఆవిడ రెట్టించలేదు. సోమవారం సాయంత్రం ఎప్పటిలా పెద్దమ్మ ఇంట్లో జపమాలకి కూర్చున్నాం. పది పూసలకొక దేవ రహస్యం తలుచుకుంటాం. మొదటిది దేవదూత కబురు, రెండోది మరియమ్మ ఎలిజబెతమ్మ ఇంటికి వెళ్ళడం, మూడోది యేసు పుట్టుక. మొదటి పది పూసలు అయ్యాక నేను రెండో రహస్యం ఎత్తుకోబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"అది వద్దు. మూడోది సెప్పు."

"రెండోది ఎలా వదిలేస్తాం?"

"ఆవిడ బయల్దేరింది గాని ఇంకా సేరలేదు. దారికడ్డంగా ఎవరో కాగితం అంటించేరు."

నవ్వుతూ అనలేదు, కోపంగానూ అనలేదు. పూసలు పట్టుకుని నా కోసం ఆగింది. దేవమాత గురించి అన్ని పేజీలు చదివినవాణ్ణి, ఆ రోజు రెండోది దాటేసి మూడో రహస్యం ఎత్తుకున్నాను.

తెల్లారి వెళ్ళాను. పాస్టరు గారు వాకిట్లో గిన్నె తోముతున్నారు. అడుగంటిన అన్నం గిన్నె.

"ఆ చివరి మాట తప్పండి. మీ మీద అలా రాయకూడదు. క్షమించండి" అన్నాను.

"మిగతాదో?"

"మిగతాది నమ్ముతాను."

"నేనూ నాది నమ్ముతాను తమ్ముడూ" అన్నారు, గిన్నె వైపే చూస్తూ. ఆ ముక్కకి నాకు మళ్ళీ వేడెక్కింది, ఆయనకీ ఎక్కినట్టుంది. ఇద్దరం బైబిల్ వచనాల్లోకి దిగేవాళ్ళమే.

లోపలి నుంచి పాస్టరమ్మ కేక వేసింది. "మీ నమ్మకాలు తర్వాత సూసుకుందురు గాని, ముందు ఆ పెద్దమ్మని రమ్మనండి! మూడ్రోజుల నుంచి మాడు వాసన పీలుస్తన్నాను!"

గోడల మీద కాగితాలు నేనే గీకేశాను. ఆవిడ సంచి నేనే మోసుకెళ్ళి దింపాను. ఆడపిల్ల పుట్టింది. బిడ్డ మెడ నిలిపేదాకా ఆవిడ అక్కడే ఉంది. ఆ ఇంట్లో ఒక్కసారి కూడా, మరియమ్మని వేడుకునే మంగళవార్త జపం పైకి చెప్పలేదు. జపమాల చీర కొంగున ముడేసి ఉండేది, అంతే. పాస్టరు గారు గట్టిగా ప్రార్థన చేస్తే అన్నిటికీ గట్టిగా "ఆమెన్" అనేదట. నేను దెప్పితే, "ఆమెన్ అందరిదీ ఒకటే కదరా. నీకు తెలిస్తే ఏరేది సెప్పు" అంది.

అంత్యక్రియల నాడు ఆ దంపతులు బిడ్డతో వచ్చారు. మా జపమాలలో యేసు నేర్పిన పరలోక జపం వచ్చినప్పుడల్లా మాతో గొంతు కలిపారు, మంగళవార్త జపానికి తలవంచి నిలబడ్డారు. మందిరం నుంచి ఆ గొడవ తర్వాత మళ్ళీ అలాంటి కాగితం రాలేదు. నేనూ రాయలేదు. రాయాల్సింది ఉంది, ఎప్పుడో రాస్తాను, మనిషి మీద మాత్రం కాదు.

మర్నాడు పొద్దున పెద్దమ్మ కూతుళ్ళు ఇల్లు కడుగుతున్నారు. పాస్టరమ్మ వాళ్ళకి టీ కాచి పట్టుకొచ్చింది, వెనకే పాస్టరు గారు పిల్లనెత్తుకుని వచ్చారు. అప్పుడు పెద్దమ్మ ఫోన్ మోగింది. నేను తీశాను.

"పెద్దమ్మా, బయల్దేరేవా? బుధవారం వస్తానన్నావు. మా ఇంటిదానికి నీరసంగా ఉందంటంది." రావికమతం అవతల ఏదో ఊరి నుంచి, కుర్రవాడి గొంతు. పాస్టరమ్మ చెయ్యి చాపి ఫోన్ తీసుకుంది.

"తమ్ముడూ, పెద్దమ్మ పోయింది... అవును, నిన్న మట్టి సేసేం. ఏడవకు. ఎన్నో నెల? కాళ్ళు వాసేయా? ఉప్పు తగ్గించు. ఊరి పేరు సెప్పు, నేను వస్తన్నాను."

పాస్టరు గారు ఆవిడ వంక చూశారు. "ఎన్నాళ్ళు?"

"పురుడయ్యేదాకా."

"మరి నాకు వంటో?"

"నేర్సుకున్నారు కదా."

పాస్టరమ్మ ఇప్పటికీ మంగళవార్త జపం చెప్పదు. నేను అడగను. ఆ మధ్యాహ్నం బస్ కాంప్లెక్స్ దగ్గర ఆవిడని, పిల్లని షేర్ ఆటో ఎక్కించాను. ముందు చెరకు ట్రాక్టర్లు బారుగా ఆగి ఉన్నాయి. ఆటో వాటి పక్కనుంచి మెల్లగా దూరుతుంటే, ఒడిలో పిల్ల చెయ్యి బయటికి చాపి, వేలాడుతున్న చెరకు ఆకుల్ని ఒక్కో బండి దగ్గరా తాకుతూ వెళ్ళింది.