కీపర్ సమ్మక్క

మన ఆడపిల్లలు క్రికెట్ ప్రపంచకప్పు గెలిచిన మర్నాడు సమ్మక్క తొర్రూరు బస్సెక్కింది. వరంగల్లు మట్టెవాడలో ఆమె అద్దెగది చుట్టూ పొద్దున్నుంచీ ఆ మ్యాచ్ ముచ్చటే. తానూ ఒకప్పుడు ఆడానని పక్కింటి కావ్యతో అంటే, "నువ్వా పెద్దమ్మా?" అని నవ్వి లోపలికి పోయింది. పిల్లలు లేరు. భర్త రాజమౌళి పోయాక ఇంట్లో మాట్లాడే మనిషే లేడు. ఆ రోజులు ఎరిగినది ఇక తొర్రూరులో ఉన్న పాత జట్టు దోస్తు నాజియా ఒక్కతే.

యాభై ఏళ్ల కింద వరంగల్లులో ఆడపిల్లలు క్రికెట్ ఆడటమంటే వింత. కాలేజీలో పదకొండు మంది జమ కావడమే గగనమైంది. మిల్లు కార్మికుడి కూతురు సమ్మక్క వికెట్ కీపర్. మగపిల్లలు వాడి పడేసిన గ్లోవ్స్‌లో గుడ్డపీలికలు కుక్కి తొడుక్కునేది. గోడెక్కి కూర్చున్నవాళ్లు ఈలలు వేసినా బంతి మీంచి చూపు తిప్పేది కాదు.

ఖమ్మం జట్టుతో ఆడిన మ్యాచ్‌లో వాళ్లకు నాలుగు పరుగులే కావాలి, ఉన్నది ఆఖరి వికెట్. నాజియా మెల్లగా వేసిన బంతికి ఖమ్మం అమ్మాయి ముందుకురికి బ్యాటూపింది. తగల్లేదు. బంతి వికెట్ల పక్కనుంచి వచ్చి సమ్మక్క చేతుల్లో పడింది. రెప్పపాటులో బెయిల్స్ లేపేసింది. స్టంపౌట్, వరంగల్లు గెలిచింది. ఆ సాయంత్రం నాన్న ఆమెను సైకిలెక్కించుకుని దారిలో కనబడ్డవాళ్లందరికీ చెప్పాడు. మరుసటేడు పెళ్లయింది. జట్టు కూడా చెదిరిపోయింది.

తొర్రూరులో నాజియా వాకిట్లోనే ఆమెను వాటేసుకుంది. లోపలికి తీసుకుపోయి మనవరాళ్లను పిలిచింది.

"మేం ఆడిననాడు గీ టీవీలు యాడియి? ఖమ్మమోళ్ల ఆఖరు పిల్లను నేనే బౌల్డ్ చేసిన. కట్టెలు ఎగిరి పడ్డయి. అడుగుండ్రి, ఈ దోస్తు ఆడనే ఉండె."

సమ్మక్క ఆమె ముఖంలోకి చూసింది. నాజియా అబద్ధమాడటం లేదు. ఏళ్ల తరబడి అలా చెప్పుకోగా చెప్పుకోగా ఆమెకు అదే నిజమైపోయింది.

"మరి నువ్వేం చేస్తుంటివి నానీ?" అని చిన్న మనవరాలు సమ్మక్కను అడిగింది.

"నేనా? వికెట్ల ఎనక నిలబడుతుంటి."

"కాదే, కీపింగ్ చేసింది మన జట్టుల మొగిలమ్మ గదా?" అంది నాజియా. "నువ్వు దూరంగ ఉండి బంతులు ఆపుతుంటివి."

"ఏమోనే, అయ్యుంటది," అంది సమ్మక్క.

నాజియా అన్నం తిననిదే కదలనివ్వలేదు. బస్టాండు దాకా వచ్చి, మళ్లీ రమ్మని చేతులు పట్టుకుని చెప్పింది. అంత ప్రేమ చూపిన మనిషి మీద సమ్మక్కకు కోపం రాలేదు. బస్సు కిటికీ పక్కన పత్తిచేలు వెనక్కి పోతుంటే ఆమెకు ఒకటే అనిపించింది. ఆ బంతి వికెట్లకు తగలలేదు. ఆ సంగతి తెలిసింది ఇక తనకొక్కదానికే.

వర్ధన్నపేటలో ఎక్కినామె పక్కన కూర్చుని, ఏ ఊరికి పోయివస్తున్నావని అడిగింది.

"తొర్రూరు. దోస్తు ఇంటికి పోయొస్తాన," అని చెప్పి, సమ్మక్క కొంగు తలమీదికి లాక్కుని కళ్లు మూసుకుంది.