మూతలు తీసే బెంచీ

అమెరికాలోని కొలరాడో కొండల అంచున, ట్రినిడాడ్ ఊళ్లో చట్టం ఒప్పుకున్న గంజాయి దుకాణంలో కౌంటర్ వెనక నిలబడే రమోనా ఆర్చులెటాకు నోరెక్కువ, ప్రేమ అంతకంటే ఎక్కువ. ఏ కుర్రాడైనా వచ్చి "అన్నిటికంటే ఘాటైనదేది?" అని అడిగితే, "ముందు మీ అమ్మ నంబరివ్వు, చెప్తా" అంటుంది.

ఇప్పుడా కుర్రకారు పల్చబడింది. నిద్రకు గమ్మీలనే గంజాయి జెల్లీ బిళ్లలు, మోకాళ్లకు గంజాయి బామ్, బీరుకు బదులు గంజాయి సోడా అడిగే నెరిసిన తలలే ఎక్కువ. వాళ్లందరికీ ఒకటే కష్టం, మూతలు. పసిపిల్లలు తీయకూడదని చట్టం పెట్టించిన ఆ మూత గట్టిగా అదిమి తిప్పితే గానీ రాదు. దాన్ని కనిపెట్టిన మహానుభావుడికి కీళ్లనొప్పులు లేవన్నది మాత్రం ఖాయం.

"నా ముని మనవరాలికొస్తుంది గానీ నాకు రాదే తల్లీ!" అని తిట్టుకునేవాడు డెల్ఫినో. బొగ్గు గనుల్లో వేళ్లు వంకరపోయిన ముసలాయన, ఇంట్లో ఒక్కడే ఉండే మనిషి.

దుకాణంలో డబ్బా తెరవకూడదని రూలు. అందుకని రమోనా మధ్యాహ్నం బురీతో అనే రొట్టెచుట్ట పట్టుకుని రోడ్డు దాటి బెంచీ మీద కూర్చునేది. ముసలివాళ్లు డబ్బాలతో వచ్చేవారు. మూత తీసి, వదులుగా పెట్టి ఇచ్చేది. ఇంట్లో పసివాళ్లుంటే మాత్రం చచ్చినా తీసేది కాదు. భర్త పోయాక ఆమె రోజుకు వెలుగు ఆ బెంచీయే.

ఈ శరదృతువులో ఆమె బొటనవేళ్లు మొరాయించాయి. మూత రాకపోతే తనకోసం ఎవరొస్తారన్న భయంతో నొప్పిని దాచింది. పని ఎక్కువగా ఉందని అబద్ధమాడి, వెనక గదిలో ఒంటరిగా తినసాగింది.

ఒకరోజు డెల్ఫినో కౌంటర్ దగ్గరికే వచ్చేశాడు.

"ఏం అమ్మాయ్, మామీద అలిగావా? నిద్రలేక నా కళ్లు చూడు, ఎలా అయ్యాయో!"

రమోనాకు సిగ్గేసింది. ఆయన వెంట రోడ్డు దాటింది. బెంచీ మీద కూర్చుని డబ్బా అందుకుని అదిమింది. మూత టకటకమంది గానీ కదల్లేదు. మళ్లీ ప్రయత్నించేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా వల్ల కావట్లేదు పెద్దాయనా. ఇక ఈ బెంచీకి నాతో పనిలేదు."

"ఛ, ఊరుకో! మూత కోసమైతే ఇంట్లో సుత్తి లేదా నాకు? నీ తిట్లు తినడానికి వచ్చేవాణ్ణి." ఆయన డబ్బాను బెంచీ మీద నిలబెట్టాడు. "తిప్పడం నాకు రాదు గానీ అదమడం వచ్చు. మూత నేను అదిమి పట్టుకుంటా, డబ్బా నువ్వు తిప్పు."

ఆయన అరచేతులతో మూతను అదిమాడు. ఆమె రెండు చేతులతో డబ్బాను తిప్పింది. మూత వచ్చేసింది. డబ్బా ఒరిగి గమ్మీలు బెంచీ నిండా దొర్లాయి. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

"రేపు కూడా రా," అంది రమోనా.

"నా మూత వచ్చేసిందిగా, ఎందుకే?"

"మిగతావాళ్లవి ఎవడదుముతాడు, నీ తాత?"

మర్నాడు రమోనా రోడ్డు దాటేసరికి, డెల్ఫినో ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బెంచీ మీద తన పక్కన ఆమెకు చోటుంచి కూర్చుని ఉన్నాడు.