కొండ కొమ్మున నిలబడ్డ మనిషి

మస్కట్‌లోని రూవిలో బస్సెక్కి, ఆ రోజు పిల్లలకు చెప్పాల్సిన ఐరోపా చిత్రకళ పాఠం తిరగేస్తున్నాను. పక్కన కూర్చున్నావిడ మాట కడపది; ఎవరింట్లోనో పనిచేస్తుందట. అడక్కుండానే పుస్తకంలోకి తొంగిచూసింది.

రొకోకో శైలి బొమ్మలున్న పేజీలో ఉయ్యాలూగుతున్న దొరసాని చెప్పు గాల్లోకి ఎగిరిపోతోంది. "అది పొదల్లో పడితే ఎవురు ఎతకాల మేడం?" అంది. నియోక్లాసికల్ పేజీలో మగాళ్లు యుద్ధానికి ఒట్టేస్తూ కత్తులకు చేతులు చాస్తుంటే, మూలన ఆడవాళ్లు ఏడుస్తున్నారు. "వీళ్లకు ఒక్కరన్నా గుక్కెడు నీళ్లియ్యరే" అని విసుక్కుంది. రొమాంటిక్ పేజీలో కొండ కొమ్మున, మనకు వీపు పెట్టి, పొగమంచును చూస్తున్న మనిషి. ప్రకృతి ముందు ఏకాంతం అంటూ పాఠం ఒప్పజెప్పాను. ఆవిడ చాలాసేపు చూసి, "పొద్దున ఏమన్నా తిన్యాడో లేదో" అంది. నాకు నవ్వాగలేదు.

అజైబాలో దిగడానికి లేచి, ఆగి, నా మొహం చూసింది. "పాపా, నువ్వు తింటివా?"

మస్కట్ వచ్చాక నన్నామాట అడిగినవాళ్లు లేరు. తిన్నానని అబద్ధం చెప్పాను. నమ్మలేదు. సంచిలోంచి అరటిపండు తీసి, తెరిచి ఉన్న ఆ పేజీ మీదే పెట్టి దిగిపోయింది.

ఇప్పటికీ క్లాసులో ఆ బొమ్మ తెరిచానంటే, ముందు పిల్లల్ని అడుగుతాను, అందరూ తినే వచ్చారా అని.