ఏరిక్కరై నందకుమార్

పొదటూరుపేటలో నందకుమార్ ఇల్లు యాడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఏరిక్కరై నందకుమార్ అంటే మాత్రం టీ అంగట్లో కూచున్నోళ్ళు లేచొచ్చి దారి చూపిస్తారు. ఏరిక్కరై అంటే చెరువుగట్టు. మద్రాసు రేడియోలో ఆదివారం పొద్దున వచ్చే ఆయన తమిళ కార్యక్రమం పేరది. చెరువులు, ఏర్లు, గుట్టలు, వాటి మీద బతికే పక్షులు, చేపలు పట్టేవాళ్ళు, అన్నీ అందులో వస్తాయి. అదే పేరుతో ఒక తమిళ పేపర్లో వారం వారం రాస్తాడు కూడా.

పుట్టింది చీరలు నేసే తెలుగు ఇంట్లో. వీధంతా పవర్‌లూములు వచ్చినాక ఆ ఇంట్లో మెల్లగా మాట్లాడే అలవాటే పోయింది. అన్నం పెట్టమన్నా అరవాల్సిందే. ఆ మోత నందకుమార్‌కు పడేది కాదు. తిరుత్తణి కాలేజీలో చదివేటప్పుడు క్లాసు ఎగ్గొట్టి నంది ఏటి పక్కనో, ఏదో ఒక చెరువుగట్టు మీదనో కూచునేవాడు. మొదట్లో పక్షుల కోసం కాదు, చప్పుడు లేని చోటు కోసం పోయినాడు. కూచోగా కూచోగా పక్షులు కనపడినాయి.

ఒక ఏడు వానలు వెలిసినాక పూండి రిజర్వాయరుకు దిగిన బాతుల గురించి రాసి పేపరుకు పంపినాడు. వేసినారు. ఇంకోటి పంపితే అదీ వేసినారు. తెలుగు మాట్లాడేదానికి, తమిళం రాసేదానికి అన్నట్టు పెరిగినోడు గనక ఏ భాషలో రాయాలనే ఆలోచనే రాలేదు. కొన్నాళ్ళకు రేడియోవాళ్ళు పిలిచినారు, వారం మధ్యలో ఒక సాయంత్రం పోయి ముందుగానే రికార్డు చేసొచ్చేవాడు. నేతగాళ్ళ సొసైటీలో గుమాస్తా ఉద్యోగం చేసుకుంటానే ఆదివారాలు గట్ల మీద గడిపినాడు. పెళ్ళైంది. భార్య వళ్ళియమ్మ మొదటి నుంచీ ఆ ఆదివారాలను లెక్కలోంచి తీసేసింది.

నందకుమార్‌కు మోటారుబండి తోలేది రాదు. నేర్చుకునే అవసరం రాలేదు, అక్క మొగుడు చౌడప్ప ఉన్నాడు గనక. చౌడప్ప, వీధిలో నేసిన చీరలు మూటలు కట్టుకోని బండి మీద తిరువళ్ళూరు, అరక్కోణం, పొన్నేరి దాకా అంగళ్ళకు వేసొచ్చేవాడు. ఏ రోడ్డులో గుంత ఉందో, ఏ ఊర్లో సుండలు, అదే శనగల గుగ్గిళ్ళు, బాగుంటాయో ఆయనకు తెలుసు. పక్షుల గురించి ఏమీ తెలీదు. తెలుసుకోవాలని కూడా లేదు.

“తెల్లగుండేదంతా కొంగే గదరా నందా,” అనేవాడు. “దానికెందుకు ఇన్ని పేర్లు?”

అయినా పిలిచిన ప్రతిసారీ వచ్చినాడు. ఇంకా తెల్లారకముందే వీధి చివర నిలబడి హారన్ కొట్టేవాడు. దారంతా మాట్లాడతానే ఉండేవాడు. గట్టు మీద కూడా ఆపేవాడు కాదు. నందకుమార్ మైకు పట్టుకోని చెయ్యెత్తి సైగ చేస్తే కాసేపు ఊరకుండి, మళ్ళా మొదలుపెట్టేవాడు. మాట లేకపోతే దగ్గు. ఇంటికొచ్చినాక నందకుమార్ కంప్యూటరు ముందు కూచోని ఆ మాటలూ దగ్గులూ కత్తిరించేసి, ఉత్త నీళ్ళ చప్పుడూ పక్షుల అరుపులూ మాత్రం మిగిల్చేవాడు. రేడియో పని అట్లాగే ఉంటుంది. పేపర్లో కూడా “నేను పోయినాను, నేను చూసినాను” అనే రాసేవాడు. వినేవాళ్ళకు, చదివేవాళ్ళకు ఆ గట్ల మీద ఇంకో మనిషి ఉన్నాడని తెలీదు.

పోయిన మార్గళి నెలలో, ధనుర్మాసం మంచు ఇంకా విడవక ముందు, ఇద్దరూ పూండి కట్ట మీద ఉన్నారు. ఈల వేసినట్టు అరిచే బాతులు గుంపుగా దిగినాయి. చానాళ్ళ నుంచి ఆ చప్పుడు సరిగ్గా దొరకలేదు. నందకుమార్ మైకు ముందుకు చాపి నిలబడినాడు. వెనకనుంచి చౌడప్ప, “కొంచేపు కూచుంటా నందా, ఏందో గుండెల్లో పట్టేసినట్టుండాది,” అన్నాడు. నందకుమార్ తిరక్కుండానే చెయ్యెత్తినాడు, మాట్లాడొద్దని.

బాతులు లేచిపోయినాక తిరిగి చూసినాడు. చౌడప్ప రాతికట్టు మీద ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. నిద్రపోయినాడేమో అనుకున్నాడు. పిలిచినాడు. భుజం పట్టి కదిపినాడు. చేపలు పట్టేవాళ్ళు ఇద్దరు పరిగెత్తొచ్చి అంబులెన్సుకు ఫోన్ చేసినారు. తిరువళ్ళూరు ఆస్పత్రిలో డాక్టరు చూసి, దారిలోనే అయిపోయిందన్నాడు. అప్పుడు చూసుకున్నాడు, మెడలో రికార్డరు ఇంకా తిరగతానే ఉంది. ఆపినాడు. అక్క పచ్చయమ్మకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పినాడు. మాట తడబడలేదు.

శవాన్ని తెచ్చినప్పుడు వీధిలో మగ్గాలన్నీ ఆపేసినారు. ఇంత నిశ్శబ్దం ఈ వీధిలో ఎప్పుడూ లేదే అనుకున్నాడు నందకుమార్. అంతకు మించి ఏమీ అనుకోలేదు. పాడె మోసినాడు. వచ్చినవాళ్ళకు కాఫీ ఇప్పించినాడు. పెద్దకర్మ నాడు వంటవాళ్ళతో బేరమాడినాడు. అందరూ ఆయన మొహంలోకి చూసి, దేనికోసమో కనిపెట్టుకోని, తర్వాత చూపు తిప్పేసుకునేవాళ్ళు.

“ఒక్కతూరి ఏడ్చెయ్యి,” అనింది వళ్ళియమ్మ. “గుండెలో పెట్టుకుంటే నీకే చెరుపు.”

“గుండెలో ఏమీ లేదే,” అన్నాడు. నిజంగానే వెతికి చూసుకోని చెప్పిన మాట అది.

రేడియో స్టేషన్ నుంచి అభినయ అనే ఆఫీసరమ్మ ఫోన్ చేసింది. ఈ వారం పాత కార్యక్రమమే వేసేద్దాం సార్, మీరు రావద్దు అనింది. వస్తానన్నాడు. తిరుత్తణిలో లోకల్ రైలెక్కి పోయి, గాజు తలుపు వెనక కూచోని, ఈల వేసే బాతుల గురించి చెప్పినాడు. అవి రాత్రుళ్ళు పొలాల్లో మేస్తాయని, పొద్దున చెరువు చేరతాయని. ఆయన చెప్పినవాటిలో ఇదే బాగుందని, గొంతు చాలా నెమ్మదిగా ఉందని చానామంది వాట్సాప్‌లో పంపినారు. అవన్నీ చదివినాడు. వేరే ఎవరి గురించో చదివినట్టుగా ఉంది.

కొన్ని వారాలు పోయినాక పచ్చయమ్మ వచ్చింది. వాకిట్లోనే చెప్పులు విడిచి, నేరుగా కంప్యూటరు ఉన్న గదిలోకి పోయి కూచునింది.

“నందా, ఆయన గొంతు నీ మిషన్లో ఉంటాది గదా. వినిపించు.”

నందకుమార్ నిలబడే ఉన్నాడు. “లేదక్కా.”

“లేకుండా ఎట్ల పోతాది? ఇన్నేండ్లు నీతోనే గదా తిరిగినాడు?”

“మాటలన్నీ తీసేస్తాను. రేడియోలో పక్షుల చప్పుడు మాత్రమే ఉండాల.”

“అంతా తీసేసినావా?”

“చివరిది ఒకటుండాది. అది ముట్టుకోలేదు.”

“అదే పెట్టు.”

పెట్టినాడు. మొదట బండి ఆపిన చప్పుడు. ఆ వెనకే చౌడప్ప గొంతు. ఊత్తుకోట రోడ్డులో సుండలు అమ్మే ముసలామె అంగడి మూసేసిందంట, ఇంక ఆ దోవన పోయి ఏం లాభం అంటున్నాడు. మీ అక్క చేసే సుండల్లో ఉప్పు తప్ప ఏముంటాది అంటున్నాడు. పచ్చయమ్మ నవ్వింది. నవ్వతా నవ్వతా కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది. తర్వాత దగ్గు, బాతులు, ఆ గుండెల్లో పట్టేసిన మాట. ఆ మీద చానాసేపు బాతులే.

నందకుమార్ ఆపేసినాడు. పచ్చయమ్మ మొహం కడుక్కోనొచ్చింది. వళ్ళియమ్మ పెట్టిన అన్నం తినింది. చెయ్యి కడిగేటప్పుడు అడిగింది:

“ఆయన పేరు ఎప్పుడన్నా రేడియోలో చెప్పినావా?”

“లేదు.”

“ఏం?”

“ఆయన ఎప్పుడూ అడగలేదక్కా.”

“అడిగే మనిషేనా ఆయన,” అనింది. కోపంగా అనలేదు. చీర సర్దుకోని ఇంటికి పోయింది.

ఆ వచ్చిన ఆదివారం కార్యక్రమానికి నందకుమార్ ఆ చప్పుడు కత్తిరించకుండా తీసుకోని పోయినాడు. గుండెల్లో పట్టేసిన మాటకు ముందే ఆపేసి, మిగతాదంతా ఉంచినాడు. అభినయ హెడ్‌ఫోన్ పెట్టుకోని విని, తీసి బల్ల మీద పెట్టింది.

“సార్, ఇది తమిళ కార్యక్రమం. ఇందులో తెలుగులో ఎవరో సుండలు గురించి మాట్లాడతా ఉన్నారు. దగ్గు కూడా ఉంది.”

“ఉండనీమ్మా.”

“ఎవరు సార్ ఆయన?”

“మా బావ. చౌడప్ప. అన్ని చెరువులకూ ఆయనే నన్ను తీసుకోని పోయింది.”

అభినయ మళ్ళా హెడ్‌ఫోన్ పెట్టుకునింది. నందకుమార్ ఆ పేరు, ఆ మాటే మైకులో చెప్పి, చప్పుడు వేయించినాడు. వినేవాళ్ళకు అర్థం కాలేదు. తెలుగు ఎందుకు వచ్చిందని కొందరు కోప్పడినారు. తప్పు ఫైలు వేసినట్టున్నారు, చూసుకోండి అని పొన్నేరి నుంచి ఒకాయన మర్యాదగా పంపినాడు. నందకుమార్ అవీ చదివినాడు. చేయాల్సిన పని చేసినట్టుంది అంతే, బరువు దిగినట్టూ లేదు.

ఆదివారం సాయంత్రం అక్కకు ఫోన్ చేసినాడు. “విన్నావా?”

“యాడ వినేది? పెరియపాళయం అమ్మవారికి పొంగలి పెట్టేదానికి పొయ్యింటి. పొద్దుననే బస్సులో ఉంటి. ఏం చెప్పినావు?”

“బావ పేరు చెప్పినా. గొంతు కూడా వేసినా.”

“మళ్ళా వేస్తారా?”

“వెయ్యరక్కా.”

“సరేలే,” అనింది పచ్చయమ్మ. “సుండలు మాట కూడా వేసినావా?” అని అడిగింది.

“వేసినా.”

“అయ్యో. ఊరంతా నా ఉప్పు సంగతి వినిందన్నమాట,” అని ఫోన్ పెట్టేసింది.

ఇప్పుడు నందకుమార్ బస్సులో పోతున్నాడు. మొదటి బస్సు పట్టుకున్నా, తిరువళ్ళూరులో మారి శోళవరం చెరువు చేరేసరికి ఎండ నెత్తికొస్తుంది. పక్షులు అప్పటికే ఎగిరిపోయి ఉంటాయి. గట్టు మీద మేకలు, బట్టలు ఉతికేవాళ్ళు, ఎండలో మెరిసే నీళ్ళు. అందుకని ఇప్పుడు పేపర్లో వాటి గురించే రాస్తున్నాడు. మధ్యాహ్నం పూట చెరువులో ఏమేమి ఉండవో రాస్తాడు. ఇదేం రాత అని విసుక్కున్నవాళ్ళు ఉన్నారు. ముందుకంటే ఇదే నిజంగా ఉందన్నవాళ్ళూ ఉన్నారు. వళ్ళియమ్మ ఒక టిఫిన్ డబ్బాలో పెరుగన్నం కట్టిస్తుంది. తినాలని ఉండదు, టైమైంది గనక తింటాడు.

మొన్నొక రోజు గట్టు మీద గేదెలు కడుగుతున్న మనిషి, “ఎవుర్ని చూసేదానికొచ్చినావు సామీ?” అని అడిగినాడు.

“చెరువు చూసేదానికి.”

“చూసినావా?”

“చూస్తా ఉండా,” అన్నాడు నందకుమార్. కొంచెం పక్కకు జరిగినాడు. ఆ మనిషి గేదెలను నీళ్ళలో వదిలేసి వచ్చి, ఆ జరిగిన చోట కూచోని, ఊరివాళ్ళ కబుర్లు మొదలుపెట్టినాడు. నందకుమార్ మైకు సంచిలోంచి తియ్యలేదు. చెయ్యి ఎత్తలేదు. తిరుగు బస్సు వచ్చేదాకా విన్నాడు.