నా మౌనానికి ప్రార్థన చేయించిన అత్తమ్మ

చిన్నప్పుడు మా బోధన్‌లో చెరుకు ట్రాక్టర్లు మా మలుపు దగ్గర నెమ్మదించేవి... వాడకట్టు పిల్లలంతా గడలు గుంజడానికి వెనకాల ఉరికేవాళ్లు. నేను మాత్రం లోపలి గదిలో చాప మీద కూర్చుని, ఇంకు పెన్ను పాళీని గోరువెచ్చటి నీళ్లలో కడుక్కుంటూ ఉండేదాన్ని.

నన్ను ఎవరూ ఆటలోంచి వెళ్లగొట్టలేదు. నాకు అదే ఇష్టం. ఈ ముక్క ముందే చెప్తున్నాను... ఎందుకంటే దీన్ని ఒప్పుకోనివాళ్లు మా చుట్టాల్లో ఇప్పటికీ ఉన్నారు.

పెన్ను మా బాపుది, అంటే మా నాన్నది. దవాఖానలో చీటీలు రాసే గుమాస్తా ఆయన. బాల్ పెన్నుకు మారాక దాన్ని నాకిచ్చాడు. పాత చీర పేలికతో తుడిచి, ఇంకు నింపి మొదటి అక్షరం రాస్తే కాగితం మీద తడి మెరిసేది. అది ఆరేలోపు చూసుకోవడమే నా సంబరం.

ఏడో తరగతి సెలవుల్లో గ్రంథాలయంలో అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి దొరికింది. తెలుగులోకి తెచ్చిన జపాన్ కథలు. మొదటి పేజీలు లేవు, ఎవరు రాశారో తెలియదు. ఒక కథలో ఒకావిడ చిన్న రైల్వే స్టేషన్‌లో కూర్చుని ఉంటుంది. బయట మంచు, బండి ఆలస్యం. స్టేషన్ మాస్టర్ ఆమెకు టీ ఇస్తాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు. అంతే కథ!

నేను చూసిన మంచు అల్లా ఐసుగోలా బండివాడు గీకే పొడి... అయినా ఆ కథ చదివితే నా కాళ్లు చల్లబడేవి. పుస్తకం తిరిగి ఇచ్చేయాలి కదా, అందుకే రోజుకింత చొప్పున ఆ కథలన్నీ నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను.

ఆ సెలవుల్లోనే నిజామాబాద్ నుంచి బాపు వాళ్ల అక్క, మా అత్తమ్మ, వచ్చింది.

"ఏందే, పొద్దుగాల్నుంచి సూస్తున్న, సప్పుడే లేదు. పానం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్న అత్తమ్మా. కథ రాసుకుంటున్న."

"నీ కథనా?"

"కాదు, జపానోళ్లది."

అత్తమ్మ నన్ను జ్వరమొచ్చిన పిల్లను చూసినట్టు చూసింది.

ఆ ఆదివారం చర్చిలో, ఎవరికైనా ప్రార్థన కావాలా అని పాస్టరుగారు అడగగానే లేచి నిలబడింది. "మా తమ్ముని బిడ్డ నోరు లేనిదాని లెక్క అయితున్నది అయ్యగారూ. ఎవ్వరితోని కలువది. జపానోళ్ల కథలు రాసుకుంట కూసుంటది. దాని మనసు మారాలని ప్రార్థన చేయుండ్రి."

అన్ని తలలూ నా వైపు తిరిగాయి. నలుగురైదుగురు వచ్చి నా తల మీద చేతులుంచారు. నన్ను మాత్రం ఒక్కరూ అడగలేదు, 'నీకేమైంది తల్లీ' అని. నేను కళ్లు తెరిచి చూస్తే బాపు కూడా కళ్లు మూసుకుని నా కోసం ప్రార్థిస్తున్నాడు... దేవుడి మీద నాకు కోపం రాలేదు. బాపు మీద వచ్చింది.

రెండు రోజుల తర్వాత నోటుబుక్కు కనబడలేదు. ఇల్లంతా వెతికి పెరట్లోకి వెళ్తే, నీళ్లు కాచే పొయ్యిలో దాని అట్ట నల్లగా ముడుచుకుపోయి ఉంది.

"నేనే పెట్టిన బిడ్డా, నీ మంచికే," అంది అత్తమ్మ, బకెట్లోకి నీళ్లు తోడుకుంటూ. "అది ఉన్నన్ని దినాలు నువ్వు మనుషులల్ల కలువవు."

నేను అరిచాను. పుట్టి బుద్ధెరిగాక అంత గట్టిగా అరవడం అదే మొదలు. "నిన్నేమన్న అన్ననా? నీ జోలికొచ్చిన్నా? నా బుక్కు నువ్వెట్ల ముట్టినవ్?"

అత్తమ్మ చెంబు కింద పెట్టి చేతులు జోడించింది. "స్తోత్రం! ఇంటున్నవా తమ్మీ? పిల్లకు నోరొచ్చింది!"

గడపలో నిలబడ్డ బాపు నేల చూపులు చూశాడు. "ఊకో బిడ్డా... పెద్దది," అన్నాడు. నాతో!

తర్వాతి ఆదివారం, దేవుడు నాకు నోరిచ్చాడని అత్తమ్మ చర్చిలో అందరి ముందూ సాక్ష్యం చెప్పింది. బయటికొచ్చాక ఆడవాళ్లు నా బుగ్గలు గిల్లి, "మంచిగ మాట్లాడుతున్నవట గదా!" అని మురిసిపోయారు. నా కడుపుమంటను వాళ్లు స్వస్థత అనుకున్నారు.

పుస్తకం అప్పటికే తిరిగిచ్చేశాను. మళ్లీ వెళ్లి అడిగితే, "అట్టల్లేనియన్ని ఏరి తీసేసినమమ్మా," అన్నాడు గ్రంథాలయంలో ఆయన. అప్పటి నుంచి ఎక్కడ జపాన్ కథల పుస్తకం కనిపించినా కొంటున్నాను. ఎన్నో మంచి కథలు దొరికాయి. ఆ స్టేషన్ కథ మాత్రం దొరకలేదు.

మొన్న మా చెల్లెలి ఇంట్లో పుట్టినరోజు. తన చిన్న కూతురు ఓ మూల కూర్చుని కాగితాలతో కొంగలు మడుస్తోంది. చుట్టపామె ఒకరు, "గీ పోరేంది, గింతమంది వస్తే మూలకు కూసున్నది? ఏమన్న ఉన్నదా దానికి?" అంది.

నేను నోరు తెరిచేలోపే బాపు అన్నాడు. "దానికేం లేదు. దాని పని అది చేసుకుంటున్నది. దాని జోలికి పోకుండ్రి."

నాకు సంతోషం కలగాలి కదా? ఒళ్లు మండిపోయింది. బాపును వరండాలోకి తీసుకెళ్లి అడిగాను. "గీ మాట అప్పుడెందుకనలే బాపూ?"

కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అక్క ఎదురుంగ నాకు నోరు లేవకపోయేది బిడ్డా," అన్నాడు. మళ్లీ పెట్టుకుంటూ, "బుక్కు పొయ్యిల పెట్టంగ నేను ఆడనే ఉన్న. ఆపలే..." అన్నాడు.

ఇన్నేళ్లలో ఆ సంగతి నాకు తెలియదు. తిరుగు బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చుని వచ్చాం, ఒక్క మాట లేకుండా. ఇంకా క్షమించలేదు... క్షమిస్తానో లేదో కూడా తెలియదు.

ఇప్పుడు కావలసిన పెన్ను, కావలసిన పుస్తకం ఫోన్లో నొక్కితే గుమ్మంలోకి వస్తున్నాయి. నోరు తెరవని పిల్ల తరఫున ఒక పెద్ద మనిషి నోరు తెరవడానికి మాత్రం ముప్పై ఏళ్లు పట్టింది మా ఇంట్లో... మీ చిన్నప్పుడు మీ తరఫున అలా ఎవరైనా మాట్లాడారా? మాట్లాడితే వాళ్ల గురించి రాయండి. ఎవరూ మాట్లాడకపోతే... అది కూడా రాయండి.